ఆరు సోమవారాలు

పెద్ద ఫిల్మును కవరులోంచి బయటికి లాగినప్పుడు ఒక చప్పుడు వస్తుంది. పల్చటి రేకును రెండు చేతులా పట్టుకుని ఊపితే వచ్చే చప్పుడులాంటిది. మొన్న శుక్రవారం ఉదయం తొమ్మిదీ పదికి, ఖమ్మంలో మా ఇంటి వరండాలో, ఎదురింటి వెంకటలక్ష్మి తన భర్త తల స్కాను ఫిల్మును అలా లాగింది. "మీరు దవాఖానాల చేసిండ్రు గదమ్మా, జర చూసి చెప్పుండ్రి. పెరిగిందా, తగ్గిందా?" అని నా చేతిలో పెట్టబోయింది. నేను చేయి చాపలేదు. "పాత ఫిల్ములేవమ్మా?" అన్నాను. ఇంట్లో బీరువాలో ఉన్నాయంది. "అవీ ఇదీ కలిపి ఇవాళే డాక్టరు దగ్గరికి పట్టుకుపో. నన్నడగొద్దు," అన్నాను. గొంతు కటువుగా పలికిందేమో, ఆమె చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. ఆ చప్పుడు మాత్రం సాయంత్రం దాకా నన్ను వదల్లేదు. తల ఫిల్ముల బాధ నా బతుకులోకి వచ్చిన గంట నాకు తెలుసు. 1987 మార్చి 11, బుధవారం, ఉదయం పది నలభై. ఆ గంట గురించి చెప్పాలంటే ముందు మాణిక్యమ్మ గారి గురించి చెప్పాలి.

ములకలపల్లి దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఆమె హెల్త్ విజిటరు. అంటే ఊళ్లు తిరిగే మాలాంటి ఆరుగురు నర్సులకు పైఅధికారి. సొంతూరు ముదిగొండ. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే నర్సు ట్రైనింగు తీసుకుని ఉద్యోగంలో చేరింది. పొట్టి మనిషి. నడక మాత్రం మా అందరికంటే వేగం. అడవి అంచు గూడేల్లో ఆమెను "సూదక్క" అనేవారు. నేను 1981 జూన్ 15న, ఇరవై మూడేళ్ల వయసులో, ఎర్రుపాలెం నుంచి వచ్చి ఆమె కింద చేరాను. ఆమెకప్పుడు ముప్పై తొమ్మిది. తను ఉంటున్న ఇంట్లోనే సగం నాకు కిరాయికి ఇప్పించింది. "మేడం గీడం అనకు, అక్కా అను, నోరు నొయ్యదు," అని మొదటిరోజే చెప్పింది.

మొదటి వారంలోనే నాకు చివాట్లు పడ్డాయి. ఒక బాలింతకు జ్వరం చూసి రిజిస్టరులో "ఉదయం 101" అని రాశాను. ఆమె ఆ మాట మీద వేలు పెట్టింది.

"ఉదయమంటే ఎప్పుడు పిల్లా?"

"పొద్దున్నేనక్కా."

"పొద్దున్నేనంటే? కోడి కూసినప్పుడా, కొత్తగూడెం బస్సొచ్చినప్పుడా? చేతికి గడియారం పెట్టుకున్నవ్, పెండ్లిచూపులకా?"

పక్కనున్న ఆయా కిసుక్కున నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. అక్క మాత్రం తగ్గలేదు. "నిన్న నూటొకటి, ఇయ్యాల నూటొకటి అంటే జ్వరం గట్లనే ఉన్నట్టా, దిగి మళ్ల ఎక్కినట్టా? గంట రాయకుంటే ఎవరికి తెలుస్తది? మనం మందు రాసేటోళ్లం గాదు, కోసేటోళ్లం గాదు. మన చేతిల ఉన్నది చూసుడు, రాసుడు. అదన్న సక్కగ చెయ్యాలె." ఆ రోజు నుంచి నేను గంట రాయకుండా ఏదీ రాయలేదు. ఇవాళ్టికీ మా ఇంటికి గ్యాసుబండ ఏ రోజు ఏ గంటకు వచ్చిందో క్యాలెండరు మీద ఉంటుంది. మా చుట్టాలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఫిల్ము మీద స్కేలు పెట్టి కొలవడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అది 1983 వేసవి. ఆ రోజుల్లో క్షయకు ఏడాదికి పైగా మందులు మింగాలి. మూడు నెలలు మింగేసరికి దగ్గు తగ్గుతుంది, ఒంట్లో సత్తువ వస్తుంది, మనిషి మందులు మానేస్తాడు. కన్నయ్య అనే కోయ పెద్దాయన అలాగే మానేశాడు. ఇప్పపువ్వు ఏరే కాలం, ఇంటిల్లిపాదీ అడవిలో ఉన్నారు. నచ్చజెప్పడానికి మేమిద్దరం రెండుసార్లు వెళ్లి వచ్చాం. "నాకేం రోగం లేదు, చూడు," అని ఆయన మా ముందే కావడి ఎత్తి చూపించాడు. మూడోసారి అక్క కొత్తగూడెంలో తీయించిన ఆయన ఛాతీ ఎక్స్-రేలు రెండూ పట్టుకొచ్చింది. ఒకటి మందులకు ముందు తీసింది, ఒకటి మూడు నెలల తర్వాతది. వాటిని వెలుతురుకు ఎత్తి నా చేత పట్టించి, చెక్క స్కేలు ఆయన చేతికే ఇచ్చింది.

"ఏడ మచ్చ ఉన్నదో ఆడ పెట్టు. గీతలు లెక్కపెట్టు."

ఆయనకు అంకెలు రావు, లెక్కపెట్టడం వచ్చు. పాతదాంట్లో నలభై చిన్న గీతలు. కొత్తదాంట్లో ఇరవై ఆరు.

"తగ్గింది," అన్నాడు.

"అవ్, తగ్గింది. మిగిలిన ఇరవయ్యారు ఎవరు మింగాలె, నేనా?"

కన్నయ్య గట్టిగా నవ్వాడు. నీళ్లు తెమ్మని భార్యను కేకేసి ఆ పూటే మాత్రలు మింగాడు. పూర్తిగా నయమయ్యాడు. అప్పటి నుంచి అది మా పద్ధతి అయింది. క్షయ రోగి ఎవరైనా సరే, ఫిల్ము రాగానే కిటికీకి ఆనించి, స్కేలు పెట్టి, ఎన్ని మిల్లీమీటర్లో కవరు మీద పెన్సిలుతో రాసేవాళ్లం. ఛాతీ ఎక్స్-రే మనిషి ఛాతీ అంతే ఉంటుంది. ఏ ఊళ్లో తీసినా, ఏ మిషను మీద తీసినా కొలత ఇంచుమించు ఒక్కటే వస్తుంది. ఎందుకలా వస్తుందని నేను ఎన్నడూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

1987 మార్చి 11న ఒక గూడెంలో పిల్లలకు టీకాలు వేస్తున్నాం. ఐసు డబ్బా పక్కన పెట్టుకుని అక్క సిరంజి నింపుతోంది. ఉన్నట్టుండి ఆమె కుడిచేతి వేళ్లు వాటంతటవే కొట్టుకోవడం మొదలుపెట్టాయి. సిరంజి కిందపడి పగిలింది. నావైపు చూసి ఏదో చెప్పబోయింది. నోరు కదిలింది, మాట రాలేదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లి, సూదక్క పిల్లను నవ్వించడానికి ఏదో చేస్తోందనుకుని తనూ నవ్వింది. నేను అక్కను పక్కకు ఒరిగించి పడుకోబెట్టి గడియారం చూశాను. పది నలభై. తెలివి వచ్చాక ఆమె అన్న మొదటి మాట, "ఎంతసేపు?"

"రెండు నిమిషాల పది సెకన్లక్కా."

"రాసినవా?"

"రాశాను."

"మంచిగ చేసినవ్," అని కళ్లు మూసుకుంది.

హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రికి పంపారు. తలకు సీటీ స్కాను తీస్తే మెదడు ఎడమవైపు గడ్డ కనిపించింది. ఏప్రిల్ 6న ఆపరేషను. పరీక్షలో క్యాన్సరని తేలింది. మే 4 నుంచి జూన్ 12 దాకా ముప్పై సార్లు రేడియేషను. నేను సెలవు పెట్టి తోడున్నాను. వారానికోసారి ముదిగొండ నుంచి తమ్ముడు రామచంద్రయ్య వచ్చిపోయేవాడు. అక్క గుండు తడుముకుంటూ, "మొక్కు లేకుండనే గుండయింది. దేవుడు బాకీ పడ్డడు," అనేది. తలలోని గడ్డకు కిరాయిదారు అని పేరు పెట్టింది. "వాన్ని ఎల్లగొట్టిండ్రు గని సామాను కొంత నా తలకాయల్నే ఇడిసి పోయిండంట," అని వార్డులో అందరికీ చెప్పేది.

కొంత మిగిలి ఉండొచ్చన్న మాట సర్జను చెప్పినదే. మితంగా మాట్లాడే మనిషి ఆయన. జూలై 20న, చికిత్స అయ్యాక తీసిన మొదటి స్కానును లైటుపెట్టె మీద పెట్టి మా ఇద్దరికీ చూపించాడు. గడ్డ తీసేసిన చోట సన్నటి తెల్లటి వలయం ఉంది. "ఇది రేడియేషను వల్ల అయిన మచ్చ కావచ్చు. మిగిలిన గడ్డ కావచ్చు. ఒక్క ఫిల్ము చూసి ఎవరూ చెప్పలేరమ్మా. మూడు నెలల తర్వాత తీసినదాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. అలాగే ఉంటే ఊపిరి పీల్చుకుంటాం. పెరిగితే వెంటనే ఇంకోసారి తెరవడానికి వీలుంటుంది. ఆలస్యమైతే వీలుండదు. మనిషి ఎంత బాగున్నా సరే, మూడు నెలలకోసారి బొమ్మ తీయించాలి, నేను చూడాలి." తర్వాత నావైపు తిరిగి, "ఈ ఫిల్ములు మీ దగ్గరే ఉంచండి. ఒక్కటి పోయినా ఇంతవరకూ చేసింది వృథా అవుతుంది," అన్నాడు. ఆయనను చూడాలంటే సోమవారమే, అది ఆయన ఓపీ రోజు.

నేను ఆ ఫిల్ములను నా రేకుపెట్టెలో, తేదీల వరసన, బట్టలో చుట్టి, తాళం వేసి పెట్టాను. మా పద్ధతి ప్రకారం కొలిచి కవరు మీద పెన్సిలుతో రాశాను. జూలైలో వలయం అడ్డంగా పన్నెండు మిల్లీమీటర్లు. అక్టోబరు 19న తీసినదాంట్లోనూ పన్నెండే. సర్జను కూడా రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి, "మార్పు లేదు, సంతోషం," అన్నాడు. నా కొలతా ఆయన మాటా ఒక్కటే అయ్యేసరికి నాకు కాస్త గర్వం కలిగింది. ఆ గర్వాన్ని ఇప్పుడు కూడా దాచుకోను. అక్క అప్పటికే డ్యూటీలో చేరింది. స్కాను కోసం హైదరాబాదులో రోజులు పడిగాపులు పడడం ఆమెకు కష్టమవుతోందని చెబితే సర్జను, "స్కాను ఎక్కడ తీయించినా ఫరవాలేదు. తీయించిన మరుసటి సోమవారం ఫిల్ములన్నీ పట్టుకుని నా దగ్గరికి రండి," అన్నాడు.

విజయవాడలో కొత్తగా స్కానింగు పెట్టారని మా ఎర్రుపాలెం వాళ్లు చెప్పారు. అక్కడికి పోదామన్నది నేనే. మా అమ్మ వాళ్లింట్లో ఒక రోజు ఉండి, పొద్దున రైలెక్కితే గంటలో అక్కడుంటాం. 1988 జనవరి 18, సోమవారం, స్కాను తీయించాం. పాత ఫిల్ములు నేను పట్టుకెళ్లలేదు. రైలు రద్దీలో పోతాయని, నలుగుతాయని, అవి ములకలపల్లిలో తాళం కిందే భద్రంగా ఉంటాయని అనుకున్నాను. బొమ్మ తీసేది మిషను కదా, దానికి పాతవెందుకు? సాయంత్రం ఫిల్మూ, దానితో పాటు ఇంగ్లీషులో ఒక కాగితమూ ఇచ్చారు. పాత ఫిల్ములు తేనందువల్ల పోల్చి చూడలేకపోయామనీ, పోల్చి చూడడం అవసరమనీ అందులో చివరి రెండు లైన్లలో ఉంది. నేను చదివాను. ఇంటికెళ్లి పోలుద్దాంలే అనుకున్నాను. నేను పోల్చగలనని అంత నమ్మకం.

జనవరి 20, బుధవారం, ఉదయం ఏడింటికి మా ఇంటి తూర్పు కిటికీకి అక్టోబరు ఫిల్మునూ జనవరి ఫిల్మునూ పక్కపక్కన ఆనించాను. విజయవాడ ఫిల్ములో బొమ్మలు ఎక్కువున్నాయి. హైదరాబాదు వాళ్లు ఒక రేకు మీద పన్నెండు బొమ్మలు వేస్తే వీళ్లు అంతే రేకు మీద ఇరవై వేశారు. కొత్త మిషను కదా, వివరంగా తీశారని సంబరపడ్డాను. వలయం అంచు ఒకవైపు మునుపటికంటే మందంగా ఉన్నట్టనిపించింది. మందానికి మా పద్ధతిలో కొలత లేదు. అడ్డంగా స్కేలు పెట్టాను. అక్క వెనక నిలబడి నా భుజం మీదుగా చూస్తోంది.

"ఎంత?"

"పదకొండు."

"మళ్ల కొలువు."

మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ పదకొండే. "పన్నెండు నుంచి పదకొండు. తగ్గిందక్కా," అన్నాను.

"మిగిలిన సామాను గూడ సదురుకుంటున్నడన్నట్టు," అని అక్క నవ్వింది. వెళ్లి పొయ్యి మీద టీ పెట్టింది. ఆ పూట చక్కెర రెండు చెంచాలు ఎక్కువ వేసింది. నేను కవరు మీద 11 అని రాసి, తేదీ, గంట వేశాను.

ఆ మరుసటి సోమవారం, అంటే 25న, హైదరాబాదు వెళ్లాలి. ఆ వారంలోనే అడవి లోపలి గూడేల్లో పిల్లలకు తట్టు లేచిందని కబురొచ్చింది. తొమ్మిది గూడేలు. తిండి లేని పిల్లలు, ఒంటికి జ్వరం పట్టుకుంటే ఊపిరితిత్తుల దాకా పోతుంది. "సోమవారం వెళ్లాలి కదక్కా," అని నేను అన్నాను. ఒక్కసారే అన్నాను.

"పెరిగితే చూపియ్యాలె. తగ్గినదాన్ని తీస్కపోయి ఏం చెయ్యాలె, శబాష్ అనిపిచ్చుకోవాల్నా? ఒక్క ప్రయాణమంటే నాలుగు రోజులు మంచం మీదనే. గీ పిల్లలను ఎవరు చూస్తరు? వచ్చే సోమారం పోదాం తియ్."

కన్నయ్యకు మేం చెప్పిన మాట మా ఇద్దరికీ గుర్తు రాలేదు. క్షయ రోగులకు ఏళ్ల తరబడి "బాగున్నా రావాలి" అని చెప్పిన వాళ్లం మేం. ఆ వచ్చే సోమవారం ఒక గూడెంలో ముగ్గురు పిల్లలకు ఆయాసం. ఆ పై సోమవారం జీపు లేదు. తర్వాత అక్కే అలిసిపోయి పడుకుంది. ఫిబ్రవరి 24న, సాయంత్రం నాలుగింటికి, ఆమె నన్ను థర్మామీటరు అడగబోయి, "అది, గదేంది, ఆ గాజుది ఇయ్యి," అంది. నేను ఇచ్చాను. తేదీ, గంట, ఆమె అన్న మాట నా పుస్తకంలో రాశాను. రాసి ఊరుకున్నాను. కవరు మీద పదకొండని ఉంది కదా. రోజంతా తిరిగి అలిసిపోయిందనుకున్నాను.

మార్చి 5, శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి ఆమెకు మళ్లీ ఫిట్సు వచ్చాయి. ఈసారి తొమ్మిది నిమిషాలు. తెలివి వచ్చింది, మాట రాలేదు. కుడిచేయి, కుడికాలు పట్టు తప్పాయి. రామచంద్రయ్యకు కబురు పెట్టి, మరునాడు ఖమ్మంలో రైలెక్కించాం. మార్చి 7, సోమవారం, ఉదయం హైదరాబాదులో స్కాను తీశారు. మధ్యాహ్నం సర్జను నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. లైటుపెట్టె మీద మూడు ఫిల్ములున్నాయి. అక్టోబరుది, జనవరిది, ఆ రోజుది.

"జనవరిది ఎవరు చూశారు?"

"నేనే కొలిచాను సార్. పదకొండు మిల్లీమీటర్లు. అక్టోబరుకంటే ఒకటి తక్కువ."

ఆయన బొమ్మ పక్కన నిలువుగా ఉన్న ఒక సన్నటి గీత మీద పెన్ను మొన పెట్టాడు. నిచ్చెనకు మెట్లలాగా దానిమీద చిన్న చిన్న అడ్డగీతలున్నాయి. జూలై నుంచి ఆ గీతను చూస్తూనే ఉన్నాను. ఫిల్ముకు అంచు అనుకున్నాను.

"ఇదేమిటో తెలుసా అమ్మా?"

"తెలియదు సార్."

"ఇది తలలో పది సెంటీమీటర్లు. బొమ్మ ఎంత చిన్నది చేసి అచ్చువేస్తే ఈ గీత కూడా అంత చిన్నదవుతుంది. మీ స్కేలుతో కొలవండి."

నా సంచిలో స్కేలుంది. అక్టోబరు ఫిల్ములో ఆ గీత యాభై మిల్లీమీటర్లు. జనవరి ఫిల్ములో ముప్పై ఏడు. ఒకే రేకు మీద ఇరవై బొమ్మలు పట్టాలంటే ఒక్కొక్కటి చిన్నది కావాలి. అంతే సంగతి. ఐదో తరగతి పిల్ల చేసే లెక్క, అక్కడే నిలబడి చేశాను. అక్టోబరులో పన్నెండంటే అసలు ఇరవై నాలుగు. జనవరిలో పదకొండంటే అసలు ముప్పైకి పిసరు తక్కువ. తగ్గలేదు. ఆరు పెరిగింది. ఆ రోజు తీసిన ఫిల్ములో నలభై ఆరు, మెదడు నడిమి గీత దాటి అవతలి వైపుకు పోయింది.

"కొలవడం మాత్రం చాలా జాగ్రత్తగా కొలిచారు," అన్నాడాయన. ఎత్తిపొడుపు కాదు. కవరు మీద నా పెన్సిలు రాతలు చూసి, నిజంగానే అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"జనవరి ఇరవై అయిదున వచ్చి ఉంటే సార్?"

"ఇంకోసారి తెరిచేవాణ్ణి. ఇప్పుడు తెరవలేను."

"ఎంత కాలం వచ్చేది?"

"నాలుగు నెలలో, ఆరు నెలలో. ఏమీ రాకపోయేదేమో కూడా. ఆ లెక్క నన్నడక్కండమ్మా. నా దగ్గర లేదు."

బయటికొస్తే రామచంద్రయ్య బల్ల మీంచి లేచాడు. "ఏమన్నడమ్మా?" అన్నాడు. "పెరిగిందన్నాడు," అన్నాను. అది నిజం. అందులో సగమే చెప్పానన్నది కూడా నిజం.

మెదడు వాపు తగ్గడానికి మాత్రలిచ్చారు. అక్కను ముదిగొండలో తమ్ముడి ఇంటికి చేర్చాం. నేను మళ్లీ సెలవు పెట్టాను. మార్చి 10 ఉదయం, మేం అనుకున్నదానికంటే ముందే, ఆమెకు మాట తిరిగి వచ్చింది. వాపు తగ్గితే కొన్నాళ్లు అలా వస్తుందని సర్జను ముందే చెప్పాడు. కొన్నాళ్లేనని కూడా చెప్పాడు. మరదలిని పేరు పెట్టి పిలిచింది. పచ్చిపులుసు అడిగి తిన్నది. తట్టు లేచిన గూడేల్లో పిల్లలెట్లున్నారని ఒక్కొక్క ఇల్లూ గుర్తుచేసుకుని అడిగింది. 12వ తేదీ మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నప్పుడు నావైపు తిరిగింది.

"సరోజా, జనవరిల పదకొండు అన్నవ్ గద."

"అవునక్కా."

"మరి గంతల్నే గింత ఎట్లయింది?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. రైల్లో వస్తూ జవాబు కూడా అనుకున్నాను. "పదకొండు కాదక్కా, నేను తప్పు కొలిచాను" అని. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. "ఈ మధ్యలోనే పెరిగిందన్నారక్కా. కొన్ని అలా ఒక్కసారిగా పెరుగుతాయట."

"ఒక్కసారా?" అంది. "గట్లయితే మంచిదే. సోమారం సోమారం నిన్ను నేనే ఆపితి గద, నా చేతుల నేనే చేసుకున్ననా అని నిద్ర పడుతలేదు."

ఆ అబద్ధం ఆమెకు ఊరటనిచ్చింది. ఆ రోజు సాయంత్రం చాలాసేపు నిద్రపోయింది కూడా. కానీ నేను ఆమె ఊరట కోసం ఆ మాట చెప్పలేదు. ఆమె కళ్లలో నా విలువ పడిపోకుండా ఉండడానికి చెప్పాను. ఈ రెంటినీ నేను ఎప్పుడూ కలిపి చూడలేదు. రేపు చెబుదాం, ఇంకొంచెం కోలుకున్నాక చెబుదాం అనుకుంటూ రోజులు జరిపాను. ఆమె హైదరాబాదు ప్రయాణాన్ని జరిపినట్టే.

మార్చి 20 దాకా, పదకొండు రోజులు, ఆమె మాట్లాడింది. 21 నుంచి మాటలు పోవడం మొదలైంది. ముందు మనుషుల పేర్లు, తర్వాత వస్తువుల పేర్లు, తర్వాత వాక్యాలు. నెలాఖరుకు ఆమె దగ్గర ఒక్క మాట మిగిలింది. "అవ్." అన్నం పెట్టమంటావా అంటే అవ్. నొప్పిగా ఉందా అంటే అవ్. మరదలు ఏడిస్తే ఆమె తల మీద ఎడమచేయి వేసి అవ్, అవ్ అనేది.

ఏప్రిల్ 3, ఆదివారం, ఉదయం ఎనిమిదిన్నరకు నేను ఫిల్ములూ స్కేలూ తీసుకుని మంచం పక్కన కూర్చున్నాను. కిటికీ వెలుతురుకు రెండు ఫిల్ములూ పట్టి, ఆ నిలువు గీతలు చూపించి, యాభై, ముప్పై ఏడు, ఇరవై నాలుగు, ముప్పై, అన్నీ చెప్పాను. జనవరిలోనే పెరిగిందనీ, నేను తప్పు కొలిచాననీ, ఆ తర్వాత అబద్ధం చెప్పాననీ, తప్పు నాదే గాని తనది కాదనీ చెప్పాను. ఆమె ఫిల్ముల వైపు చూసింది, నావైపు చూసింది.

"అవ్," అంది.

"అర్థమైందా అక్కా?"

"అవ్."

"నా మీద కోపమొచ్చిందా?"

"అవ్."

"క్షమిస్తావా?"

"అవ్."

నేను నర్సును. మాట పోయిన మనిషికి ఎదుటివాళ్ల మాట ఎంత అందుతోందో తెలుసుకోవడానికి ఏం అడగాలో నాకు తెలుసు. అడగకుండా ఉండాల్సింది. "ఇవాళ శనివారమే కదక్కా?" అన్నాను.

"అవ్," అంది.

1988 మే 26, గురువారం, తెల్లవారుజామున ఆమె చనిపోయింది. సెలవు అయిపోయి నేను ములకలపల్లిలో ఉన్నాను. కబురంది ముదిగొండ చేరేసరికి పదకొండయింది. దినాలు అయ్యాక రామచంద్రయ్యకు మొత్తం చెప్పాను, వరసగా, తేదీలతో సహా. అతను తల వంచుకుని విన్నాడు. "ఆ ఆరు వారాలు అక్క దవాఖానాల పండలేదు. తన పిల్లల నడుమ తిరిగింది. నువ్వు కొలిసిన లెక్క తప్పే గావచ్చు, ఆమెకు గా దినాలు దొరికినయ్ గదమ్మా," అన్నాడు. మంచివాడు. కానీ ఆ దినాలు ఆమె ఎంచుకున్నవి కావు. ముప్పై అని తెలిసి కూడా ఆమె గూడేలకే పోయి ఉంటే అది ఆమె ఇష్టం. నేను ఆమెకు పదకొండని చెప్పాను. కాబట్టి ఆ మాటను నా తప్పు లెక్కలోంచి ఏదీ తీసివేయడానికి వాడుకోలేదు.

ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు ఉద్యోగం చేశాను. హెల్త్ విజిటరునయ్యాను, ఆమె కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాను. నా కింద చేరిన పిల్లలను గంట రాయమని సతాయించాను. కొలవడం మానలేదు, అది ఆమె ఇచ్చిన విద్య. అయితే ఏ అంకె రాసినా, అది దేని ప్రకారం అంతైందో రాయకుండా వదలలేదు. తల ఫిల్ము పట్టుకుని ఎవరొచ్చినా చూడలేదు, పాతవాటితో సహా పంపించాను. రోగికి చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే ఆ పూటే చెప్పాను, నాకు ఎంత తలవంపైనా సరే. రెండుసార్లు అలాంటివి చెప్పాల్సి వచ్చింది. ఒకామె నన్ను నలుగురిలో తిట్టింది. విన్నాను. తిట్టగలిగినప్పుడే తిట్టించుకోవాలని నాకు తెలిసింది.

పోయినవి ఇవి.

సోమవారాలు ఆరు: జనవరి 25, ఫిబ్రవరి 1, 8, 15, 22, 29.

ఆ వ్యవధిలో పెరిగింది పదహారు మిల్లీమీటర్లు, ముప్పై నుంచి నలభై ఆరుకు.

జరగాల్సి ఉండి జరగని ఆపరేషను ఒకటి.

దాని వల్ల వచ్చేవో రానివో తెలియని నెలలు: అంకె వేయలేదు, ఖాళీగా ఉంచాను.

మాణిక్యమ్మ, వయసు నలభై ఆరు.

ఆమె అడగగలిగి, వినగలిగి, నన్ను తిట్టగలిగి ఉండగా నేను నిజం చెప్పని రోజులు, మార్చి 10 నుంచి 20 దాకా, పదకొండు.